ఇల్లు చూసేది ఎండలో, ఉండేది మంచులో: బఫెలోలో ఇల్లూ దారీ ఎంచుకోవడం ఎలా

అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో ఇల్లు ఆగస్టులో చూస్తాం. అప్పుడు ఎండ హాయిగా ఉంటుంది, వీధి పొడవునా చెట్లు పచ్చగా ఉంటాయి. బస్సు స్టాపు పది నిమిషాల నడకే అని ఇంటి ఓనరు అంటే సరేనంటాం. చాలామంది అసలు చూడను కూడా చూడరు. హైదరాబాద్‌లోనో గుంటూరులోనో కూర్చుని, వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు చూసుకుని, నలుగురూ కలిసి లీజు మీద సంతకం పెట్టేస్తారు. ఆ పది నిమిషాల నడక జనవరిలో అరగంట అవుతుందని ఆ ఫొటోలు చెప్పవు.

నేను 2013లో ఇక్కడికి చదువుకోవడానికి వచ్చాను. తర్వాత ఉద్యోగం కూడా ఇక్కడే దొరికింది. ఇప్పటికి నాలుగు ఇళ్లు మారాను, వాటిలో రెండు మంచు వల్లే మారాను. ఏటా కొత్తగా వచ్చే పిల్లలు, ఈ మధ్య కుటుంబాలతో వచ్చేవాళ్లు కూడా, "ఏ ఏరియాలో ఉంటే మంచిది?" అని అడుగుతుంటారు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఒక చోట వరసగా రాస్తున్నాను. నా లెక్క ఒకటే: సగటున ఏడాదికి ఎంత మంచు పడుతుందన్నది పెద్దగా పనికిరాదు. అన్నిటికన్నా చెడ్డ పది రోజుల్లో మీ గుమ్మం నుంచి పనిచేసే చోటి గుమ్మం దాకా దారి ఎలా ఉంటుందో చూసి ఇల్లు తీసుకోవాలి.

మొదటి అడుగు: మంచు ఎటు నుంచి వస్తుందో తెలుసుకోండి

బఫెలోలో ఏడాదికి సగటున 95 అంగుళాల మంచు పడుతుంది, అంటే దాదాపు ఎనిమిది అడుగులు. ఈ అంకె వినగానే భయమేస్తుంది కానీ, అంత మంచూ ఊరంతటా సమానంగా పడదు. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

ఊరి పక్కనే ఏరీ సరస్సు ఉంది. సరస్సు అనడమే గానీ పొడవు 388 కిలోమీటర్లు. నవంబరు నాటికి గాలి బాగా చల్లబడుతుంది, నీళ్లు మాత్రం ఇంకా ఎండాకాలపు వేడి వదులుకోవు. ఎసరు పెట్టిన గిన్నె మీద మూత తీస్తే ఆవిరి గుప్పున ఎలా లేస్తుందో, అలాగే వెచ్చటి నీళ్ల మీదుగా వీచే చల్లగాలి తేమను పీల్చుకుని పైకి లేస్తుంది. నీటికీ, ఒకటిన్నర కిలోమీటరు ఎత్తులో ఉన్న గాలికీ మధ్య కనీసం 13 డిగ్రీల సెల్సియస్ తేడా ఉంటే మంచు మేఘాలు కట్టడం మొదలవుతుంది. గాలి నైరుతి నుంచి, అంటే సరస్సు పొడవునా వీస్తే, ఆ మేఘాలన్నీ ఒక పట్టీలా చేరి గట్టు దాటగానే కుమ్మరిస్తాయి. దీన్నే ఇక్కడ లేక్ ఎఫెక్ట్ స్నో అంటారు.

ఆ పట్టీ వెడల్పు ఎక్కువ ఉండదు. ఒక్కోసారి పది పదిహేను కిలోమీటర్లే. లోపల ఉన్నవాడికి చెయ్యి చాపితే చెయ్యి కనపడదు, గంటకు రెండు మూడు అంగుళాలు పడిపోతుంటుంది. బయట ఉన్నవాడికి ఎండ. 2014 నవంబరు 18న నేను ఊరికి ఉత్తరాన ఆమ్‌హర్స్ట్‌లో, యూనివర్సిటీ నార్త్ క్యాంపస్ దగ్గర ఉన్నాను. నెత్తిమీద నీలాకాశం. దక్షిణం వైపు చూస్తే మాత్రం నేల నుంచి ఆకాశం దాకా తెల్లటి గోడ, కదలకుండా నిలబడి ఉంది. దక్షిణాన లాకవానాలో ఉన్న మా సీనియర్ అన్న ఫోన్ చేసి, "తలుపు తీశాను రా, తలుపంత ఎత్తున మంచే ఉంది, దాని మీద తలుపు అచ్చు పడింది" అన్నాడు. మా ఇద్దరి ఇళ్లకీ మధ్య పాతిక కిలోమీటర్లు కూడా లేదు. ఆ వారం దక్షిణాన కొన్ని చోట్ల ఐదడుగులకు పైగా పడింది, మాకు పడింది కొద్ది అంగుళాలే. ఐ-90 హైవే మీద చిక్కుకున్న వాహనాల్లో నయాగరా విశ్వవిద్యాలయం అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు బస్సు కూడా ఉంది. వాళ్లు ఒక రోజుకు పైగా ఆ బస్సులోనే ఉండిపోయారు.

2022 నవంబరులో మళ్లీ అదే జరిగింది. ఆర్చర్డ్ పార్క్‌లో 80 అంగుళాల దాకా పడింది. అక్కడ జరగాల్సిన బఫెలో బిల్స్ (ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు) ఆటను డెట్రాయిట్‌కు మార్చారు.

ఇక్కడివాళ్లు ఊరిని నార్త్‌టౌన్స్, సౌత్‌టౌన్స్ అని రెండుగా చెప్పుకుంటారు. ఆమ్‌హర్స్ట్, విలియమ్స్‌విల్, టోనవాండా ఉత్తరం. హాంబర్గ్, ఆర్చర్డ్ పార్క్, వెస్ట్ సెనెకా, లాకవానా దక్షిణం. మంచు పట్టీ ఎక్కువసార్లు దక్షిణం మీదే కూర్చుంటుంది. గాలి కాస్త దక్షిణానికి తిరిగితే ఉత్తరానికి ఎక్కి వస్తుంది, అందుకని ఉత్తరానికి పూర్తి భరోసా ఏమీ లేదు. ఏరీ సరస్సు మిగతా గ్రేట్ లేక్స్ అన్నిటికన్నా లోతు తక్కువ, సగటున 19 మీటర్లే. అందుకే చలి గట్టిగా ఉన్న ఏడు జనవరి, ఫిబ్రవరి నాటికి చాలా భాగం గడ్డకడుతుంది. నీళ్ల మీద మూత పడ్డట్టే, సరస్సు మంచు తగ్గిపోతుంది. కాబట్టి మిమ్మల్ని నిజంగా ఇబ్బంది పెట్టేది ఎక్కువగా నవంబరు నడిమి నుంచి జనవరి దాకా. సెమిస్టర్ పరీక్షలు, థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ ప్రయాణాలు అన్నీ అప్పుడే.

రెండో అడుగు: ఇల్లూ పనీ ఒకే వైపు ఉండేలా చూడండి

దక్షిణంలో అద్దె తక్కువ, ఇల్లు పెద్దది అని అక్కడ తీసుకుని, ఉత్తరాన ఆఫీసుకి రోజూ కారులో వెళ్లేవాళ్లున్నారు. అటు వద్దు ఇటు రండి అని నేను చెప్పను. సౌత్‌టౌన్స్‌లో పుట్టి పెరిగినవాళ్లు హాయిగా బతుకుతున్నారు. అక్కడి టౌన్‌లకు మంచుతో వేగడం బాగా అలవాటు. అక్కడే ఉండి అక్కడే పనిచేసేవాడికి పెద్ద ఇబ్బంది లేదు, పడిన రోజు ఆఫీసు కూడా మూసేస్తారు. చిక్కంతా ఆ పట్టీని రోజూ అడ్డంగా దాటాల్సిన వాడికి. ఇంటి దగ్గర మూడడుగులు పడితే ఆఫీసు దగ్గర ఎండ కాస్తుంది. మేనేజరు కిటికీలోంచి చూసి ఎందుకు రాలేదంటాడు. దీనికన్నా కష్టం తిరుగు ప్రయాణం: పొద్దున బాగానే వెళ్తారు, సాయంత్రానికి పట్టీ వచ్చి మీకూ ఇంటికీ మధ్య కూర్చుంటుంది.

అందుకని మ్యాప్ తెరిచి ఇంటికీ పనికీ మధ్య గీత గీయండి. గీత ఉత్తరం నుంచి దక్షిణానికి ఎంత పొడవుగా ఉంటే అంత ప్రమాదం. తర్వాత ఆ దారిలో ఏ రోడ్లున్నాయో చూడండి. డౌన్‌టౌన్ నుంచి దక్షిణానికి వెళ్లే రూట్ 5లో స్కైవే అనే ఎత్తైన వంతెన ఉంది. గాలి ఎక్కువైతే దాన్ని మూసేస్తారు. ఐ-90, 219 హైవేలను తుఫాను రోజుల్లో మూసేయడం మామూలే. మీకు ఒకే హైవే దారి ఉండి, దానికి సమాంతరంగా ఊళ్లోంచి వెళ్లే మామూలు రోడ్డు లేకపోతే, ఆ ఇల్లు వదిలేయండి. హైవే మూసిన రోజు ఆ చిన్న రోడ్డే మిమ్మల్ని ఇల్లు చేరుస్తుంది.

భార్యాభర్తలిద్దరూ పనిచేస్తుంటే ఒకరైనా ఇంటికి దగ్గరలో పనిచేసేలా చూసుకోండి. మంచుకు బడి మూసేస్తే పొద్దున ఐదున్నరకు ఫోన్ వస్తుంది, పిల్లల దగ్గర ఎవరో ఒకరు ఉండాలి.

మూడో అడుగు: కారు లేనివాళ్లు చివరి అర కిలోమీటరు నడిచి చూడండి

మన విద్యార్థుల్లో చాలామంది సౌత్ క్యాంపస్ చుట్టుపక్కల, మెయిన్ స్ట్రీట్‌కు అటూ ఇటూ ఉన్న పాత ఇళ్లలో ఉంటారు. క్లాసులేమో ఎక్కువగా ఆమ్‌హర్స్ట్‌లోని నార్త్ క్యాంపస్‌లో. రెంటికీ మధ్య సుమారు ఐదు కిలోమీటర్లు, స్టాంపీడ్ అని యూనివర్సిటీ బస్సు తిరుగుతుంది. సౌత్ క్యాంపస్ నుంచే డౌన్‌టౌన్‌కు మెట్రో రైలు ఉంది. ఊరి బయటి భాగమంతా ఈ రైలు భూగర్భంలో నడుస్తుంది, డౌన్‌టౌన్‌లోనే పైకి వస్తుంది. మంచు రోజుల్లో ఇది పెద్ద వరం. డౌన్‌టౌన్‌లోనో మెడికల్ క్యాంపస్‌లోనో ఉద్యోగం, ఇంటర్న్‌షిప్ దొరికితే ఈ రైలు స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే ఇల్లు చూసుకోండి. యాభై డాలర్లు ఎక్కువైనా సరే.

బస్సు వస్తుందా రాదా అన్నదానికన్నా ముందు, స్టాపు దాకా మీరు వెళ్లగలరా అన్నది చూడాలి. ఇక్కడ ఫుట్‌పాత్ మీది మంచు తీయాల్సింది ఆ ఇంటి యజమాని. వరసగా సొంతదారులే ఉండే వీధిలో పొద్దున్నే తీసేస్తారు. ఖాళీ స్థలాలు, ఖాళీ ఇళ్లు, ఎవరూ పట్టించుకోని అద్దె ఇళ్లు ఉన్న వీధిలో మార్చి దాకా అలాగే పడి ఉంటుంది. జనం తొక్కి తొక్కి అది గడ్డకట్టి అద్దంలా తయారవుతుంది. అప్పుడిక రోడ్డు మీదే నడవాలి, వెనక నుంచి కార్లు. కాబట్టి ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు ఇంటి లోపల పది నిమిషాలు, బయట పావుగంట గడపండి. గుమ్మం నుంచి స్టాపు దాకా నడిచి, మధ్యలో ఎన్ని ఖాళీ స్థలాలున్నాయో లెక్కపెట్టండి. స్టాపులో నిలబడడానికి షెల్టరు ఉందో, ఉత్త స్తంభమే ఉందో చూడండి. గాలితో కలిపి లెక్కేసిన చలి మైనస్ 28 సెల్సియస్‌కు దిగితే అరగంటలో చర్మం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒక బస్సు తప్పిపోతే తర్వాతి బస్సుకి ఆ అరగంటే పట్టవచ్చు.

మీ ఇంట్లో రాత్రి పది తర్వాత ల్యాబ్ నుంచి వచ్చేవాళ్లుంటే ఆఖరి బస్సు టైము కూడా అప్పుడే రాసిపెట్టుకోండి.

నాలుగో అడుగు: సంతకానికి ముందు ఓనరును అడగాల్సినవి

అన్నిటికన్నా ముందు: మంచు ఎవరు తీస్తారు? మాటగా "మేం చూసుకుంటాం" అంటే చాలదు, లీజులో రాసి ఉండాలి. డ్రైవ్‌వే (రోడ్డు నుంచి ఇంటి దాకా కారు వెళ్లే, పెట్టుకునే దారి), మెట్లు, ఫుట్‌పాత్, మూడూ విడివిడిగా రాయించుకోండి. నా రెండో ఇంట్లో డ్రైవ్‌వే మంచు తీయడానికి మనిషిని పెట్టానని ఓనరు చెప్పారు. ఆ మనిషి వచ్చేది సాయంత్రం నాలుగింటికి. మాకు బయటపడాల్సింది పొద్దున ఏడింటికి.

పార పట్టనివాళ్లకు తెలియని సంగతి ఒకటి చెప్తాను. పడిన మంచు దూదిలా తేలికగానే ఉంటుంది. టౌన్ ప్లౌ బండి రోడ్డు శుభ్రం చేసుకుంటూ వెళ్తూ, మీ డ్రైవ్‌వే మొగలో మోకాలెత్తు గట్టు ఒకటి వేసి పోతుంది. అది దూది కాదు. ఉప్పు, నీళ్లు, నల్లటి ముద్దలు కలిసి తడి ఇసుకలా బరువుగా ఉంటుంది. రెండు గంటలు ఊరుకుంటే సిమెంటులా బిగుస్తుంది. ఒక్కో పారకీ నడుము పట్టేస్తుంది. అందుకే డ్రైవ్‌వే పొడవు కన్నా దాని మొగ వెడల్పు చూడండి. రెండు మూడు కార్లు ఒకదాని వెనక ఒకటి పెట్టుకునే సన్నటి డ్రైవ్‌వే అయితే, ఎవరి కారు ముందు తీయాలన్న దాని మీదే రూమ్మేట్ల మధ్య గొడవలు మొదలవుతాయి. అమ్మానాన్నలు వచ్చి ఉన్నప్పుడు నాన్నగారు పార అందుకోకుండా చూసుకోండి. చలిలో మంచు ఎత్తుతూ గుండెపోటుతో పోయినవాళ్లు ప్రతి పెద్ద తుఫానులోనూ ఉంటారు.

పార్కింగ్ రోడ్డు మీదే అంటే ఇంకా జాగ్రత్త. ఇక్కడి చాలా టౌన్‌లలో చలికాలమంతా రాత్రిపూట వీధిలో కారు పెట్టకూడదు, ప్లౌ బండికి దారి ఉండాలి. బఫెలో సిటీలో వారంలో ఫలానా రోజు ఈ పక్క, ఫలానా రోజు ఆ పక్క అని ఉంటుంది. ఆ ఇంటి ముందు బోర్డు మీద ఏం రాసి ఉందో ఫొటో తీసి పెట్టుకోండి.

తర్వాత హీటింగ్. అద్దెలో కలిసి ఉందా, విడిగా మీరే కట్టాలా? బఫెలోలో పాత చెక్క ఇళ్లు చాలా ఉన్నాయి, పైన ఒక వాటా, కింద ఒక వాటా. చూడ్డానికి అందంగా ఉంటాయి, గోడల్లోంచి, కిటికీల సందుల్లోంచి వేడి కారిపోతుంటుంది. అద్దె వంద డాలర్లు తక్కువని తీసుకుంటే జనవరి గ్యాస్ బిల్లులో ఆ వంద వెళ్లిపోవచ్చు. కిందటి జనవరి, ఫిబ్రవరి గ్యాస్ బిల్లులు చూపించమని అడగండి. ఇదేం మొహమాటపడే విషయం కాదు, ఇక్కడందరూ అడుగుతారు. కిటికీ దగ్గర అరచెయ్యి పెట్టి చూడండి, ఆగస్టులోనైనా గాలి ఆడితే తెలుస్తుంది. అవసరమైతే కిటికీలకు అంటించే ప్లాస్టిక్ షీటు తక్కువ ధరకే దొరుకుతుంది, నవంబరు రాకముందే వేయించండి.

కొన్ని ఇళ్లలో ఫర్నేస్ (ఇంటిని వేడి చేసే యంత్రం) పొగ గొట్టం పక్క గోడలోంచి, నేలకు రెండు మూడడుగుల ఎత్తులో బయటికి వస్తుంది. అదెక్కడుందో మొదటి రోజే తెలుసుకోండి. మంచు దాన్ని కప్పేస్తే ఫర్నేస్ ఆగిపోతుంది, లేదా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి వెనక్కి తన్నవచ్చు. దానికి వాసన లేదు, రంగు లేదు. న్యూయార్క్ రాష్ట్రంలో ఇళ్లలో దాని అలారం తప్పనిసరిగా ఉండాలి. బటన్ నొక్కి కూత వినిపించాకే సంతకం పెట్టండి.

ఐదో అడుగు: కారును చలికాలానికి సిద్ధం చేయండి

ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగితే మామూలు టైర్ల రబ్బరు బిగుసుకుపోతుంది, రోడ్డును పట్టుకోదు. చలికాలపు టైర్లు నాలుగూ వేయించండి, రెండే వేయిస్తే బండి తిరగబడినట్టు పక్కకి జారుతుంది. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచు పువ్వు గుర్తు ఉందో లేదో చూసుకోండి. నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే కారు కొన్నాం కదా అని ధీమా వద్దు. అది ముందుకు కదలడానికి సాయం చేస్తుంది, ఆగడానికి కాదు.

బ్యాటరీ నాలుగేళ్లు దాటితే అక్టోబరులోనే పరీక్ష చేయించండి. మైనస్ 18 దగ్గర దాని శక్తి సగానికి పైగా పడిపోతుంది. ట్యాంకు ఎప్పుడూ సగానికి తగ్గనివ్వకండి. డిక్కీలో పార, గీకుడు బ్రష్, దుప్పటి, ఒక సంచి ఇసుక పెట్టుకోండి. రోడ్ల మీద చల్లే ఉప్పు మైనస్ 9 కన్నా కింద సరిగ్గా పనిచేయదు, ఆ రోజుల్లో ఉప్పు వేసిన రోడ్డు కూడా జారుతుంది. వంతెనలు అన్నిటికన్నా ముందు గడ్డకడతాయి. వైపర్లు వేశారంటే హెడ్‌లైట్లు వేయాల్సిందే, ఇది న్యూయార్క్ చట్టం.

ఆరో అడుగు: వెళ్లాలా, ఆగాలా? నియమం ముందే పెట్టుకోండి

పొద్దున లేచి కిటికీలోంచి చూసి నిర్ణయించుకుంటే తప్పు పడుతుంది, ఎందుకంటే కిటికీలోంచి కనిపించేది మన వీధే. ముందు రాత్రి నేషనల్ వెదర్ సర్వీస్ (ఇక్కడి వాతావరణ శాఖ) బఫెలో ఆఫీసు వాళ్ల సూచన చదవండి. వాచ్ అంటే వచ్చే అవకాశం ఉందని, వార్నింగ్ అంటే వస్తోందని, లేదా వచ్చేసిందని. పొద్దున 511 న్యూయార్క్ సైట్లో రోడ్ల పరిస్థితి చూడండి. కౌంటీ (మన జిల్లా లాంటిది) వాళ్లు ట్రావెల్ అడ్వైజరీ ఇస్తే అవసరమైతేనే బయటికి వెళ్లమని. ట్రావెల్ బ్యాన్ అంటే బండి తీయడమే నేరం. ఆ రోజు ఆఫీసు తెరిచి ఉన్నా వెళ్లకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం 2022 డిసెంబరు 23. ఆ రోజు మొదలైన తుఫాను 37 గంటల పాటు ఆగకుండా వీచింది. విమానాశ్రయంలో 51.9 అంగుళాల మంచు నమోదైంది. ఈ ప్రాంతంలో 47 మంది చనిపోయారు. కొందరు కార్లలో చిక్కుకుని, కొందరు నడిచి వెళ్తూ, కొందరు కరెంటు లేని ఇళ్లలో, కొందరు అంబులెన్స్ రాలేక. అంబులెన్సులూ ఫైరింజన్లే మంచులో ఇరుక్కుపోయాయి. మా వీధిలో ఎదురిల్లు రెండు రోజులు కనపడలేదు. గాలి అరుపు తప్ప ఇంకో చప్పుడు లేదు. అప్పుడు మాకు సరిపోయినవి ఇంట్లో ఉన్న బియ్యం, పప్పు, ఊరగాయలు, ముందే తెచ్చిపెట్టుకున్న బిడ్డ పాలపొడి. నవంబరు నుంచి మార్చి దాకా ఐదు రోజులకు సరిపడా సరుకులు, పది రోజులకు సరిపడా మందులు ఇంట్లో ఉంచుకోండి. షుగరు, బీపీ మందులు ఆఖరి మాత్ర దాకా రానివ్వకండి.

ఒకవేళ దారిలో ఇరుక్కుపోతే కారు వదిలి నడవకండి. హజార్డ్ లైట్లు వేసి, గంటకు పది నిమిషాలే ఇంజన్ ఆన్ చేయండి. ఆన్ చేసే ముందు ప్రతిసారీ దిగి వెనక పొగ గొట్టం చుట్టూ మంచు తీయండి, ఒక కిటికీ అంగుళం దించి ఉంచండి.

ఏడో అడుగు: మొదటి చలికాలం ఒక నోటుబుక్కులో రాయండి

నవంబరు ఒకటి నుంచి రోజూ ఒక్క గీతలో: ఎన్నింటికి బయల్దేరారు, ఎన్నింటికి చేరారు, మంచు ఎవరు తీశారు, ఏ రోజు వెళ్లలేకపోయారు. గ్యాస్ బిల్లు వచ్చినప్పుడు అది కూడా. ఇక్కడ లీజు పొడిగిస్తారా అని అడగడం తరచూ ఫిబ్రవరి, మార్చి నాటికే మొదలవుతుంది. ఓనరు ఫోన్ చేసినప్పుడు ఆ పుస్తకం ముందు పెట్టుకుని మాట్లాడండి. మూడో ఇంటికి నేను అలాగే మాట్లాడాను. పదకొండు రోజులు డ్రైవ్‌వే మంచు ఎవరూ తీయలేదని తేదీలతో చదివితే, ఆయన అప్పటికప్పుడు పొద్దున ఆరింటికి ప్లౌ వచ్చేలా లీజులో రాసిచ్చారు.